చెంబెడు వాన

ఆ రోజు ఆ ఊళ్లో వాన పడలేదు. ఈ ఒక్క వాక్యం నేను ఏడేళ్ల కింద చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెప్పకపోగా ఇంకో మాట చెప్పాను. ఆ మాట నమ్మి ఒక మనిషి తను చెయ్యని తప్పును ఊరందరి ముందు ఒప్పుకున్నాడు. దాన్ని నమ్ముతూనే పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయలేదో చివరికి తెలుస్తుంది.

వాన కొలిచే యంత్రాలను చూసుకునే కాంట్రాక్టు టెక్నీషియన్‌ని నేను. బత్తలపల్లె నుంచి కదిరి వైపు పోతూ తారురోడ్డు దిగి లోపలికి పోతే ఆ ఊరు. ఊరి బయట బీడు నేలలో ఇనుప కంచె, కంచె మధ్యలో కంబం. కంబానికి సోలార్ పలక, ఒక పెట్టె, దక్షిణం వైపు ఆకాశంలోకి ఎక్కుపెట్టిన యాంటెనా. పక్కన నడుమెత్తు దిమ్మె మీద వెడల్పాటి గరాటు. గరాటులో పడ్డ నీళ్లు లోపల చిన్న తొట్టిలోకి దిగుతాయి. తొట్టి నిండగానే ఒరుగుతుంది. ఒరిగిన ప్రతిసారీ అర మిల్లీమీటరు వాన అని పెట్టె రాసుకుంటుంది. గంటకోసారి ఆ లెక్కను ఉపగ్రహానికి పంపుతుంది. కంచె తాళం ఆయన దగ్గర ఉండేది. మేకలు కాసేవాడు. ఎకరన్నర వాన చేను. దానికి తోడు, పలక మీద దుమ్ము తుడిచి గరాటులో ఆకూ అలమా తీసేసే పని మేమిచ్చాం.

ఆయనను తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది ఎత్తిన అరచెయ్యి. లెక్క పైకి పంపడానికి మా కంబం వంతు ప్రతి గంటా దాటిన పదకొండో నిమిషానికి వస్తుంది. ఆ సంగతి ఒకసారి మాటల్లో చెప్పాను. అప్పటి నుంచి ఆయన పాత గడియారం చూసుకుంటూ, పదకొండో నిమిషం రాగానే ఎవరితో ఎంత ముఖ్యమైన మాటలో ఉన్నా అరచెయ్యి ఎత్తి ఆపేవాడు.

"ఉండప్పా. మాట పోతాండాది."

మేకల మెడలో గంట మోగితే దాన్ని కూడా పట్టుకునేవాడు. నిమిషం గడిచాక చెయ్యి దించి, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేవాడు. మనుషుల మాటలకు దానికి అడ్డం రాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

"వందల కంబాలుండాయంటివి. అన్నీ ఒకేసారి అరిస్తే పైనాయప్పకు ఏం వినపడతాది? వరసలో నిలబడి మాట్లాడేది వాటికే తెలిసినప్పుడు, మనకు తెల్యాల్నా లేదా?"

పైనాయప్ప అంటే ఉపగ్రహం. ఊరికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆయప్పను చూపించకుండా పంపేవాడు కాదు. కంబానికి వీపు ఆనించి, దక్షిణానికి తిరిగి, తలపాగా జారకుండా వెనక ఒక చేత్తో పట్టుకుని, తల బాగా పైకెత్తి, మేకల కట్టెతో పట్టపగటి ఖాళీ ఆకాశంలోకి చూపించేవాడు. "ఆడుండాడు." కట్టె సరిగ్గా యాంటెనా చూసే వైపే ఉండేది. నేను కొలిచే పరికరం పెట్టి చూసినా పెద్ద తేడా ఉండేది కాదు.

మొదటి ఏడాది ఒక మధ్యాహ్నం కంచె నీడలో సంగటి తింటూ అడిగాడు.

"ఎంత ఎత్తున ఉండాడు సారూ?"

"ముప్పై ఆరు వేల కిలోమీటర్లు."

"అంత ఎత్తున ఎప్పుడూ ఒక్కతావునే నిలబడుకోవాలంటే కాళ్లు పీకవా?"

నిలబడలేదని చెప్పాను. భూమి చుట్టూ రోజుకు ఒక్క చుట్టు తిరుగుతుందని, భూమి కూడా రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి మనకు కదలనట్టు కనిపిస్తుందని, అందుకే యాంటెనాను ఒకసారి బిగిస్తే చాలని. ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆలోచించాడు.

"కళ్లంలో ఎద్దులను తిప్పేది చూసినావా? నాలుగెద్దులను ఒకే తాడుకు వరసగా కట్టి గుంజ చుట్టూ తోలుతారు. గుంజ కాడి ఎద్దు ఉన్నతావునే తిరిగినట్టుంటాది. కొసనుండేది పరిగెత్తాల. అయినా గుంజ కాడి ఎద్దు ఎప్పుడు పక్కకు చూసినా కొసెద్దు ఆడే ఉంటాది. ఈ పైనాయప్ప కొసెద్దు. అంతే కదా?"

అంతే. ఈ పనిలో ఉన్న పన్నెండేళ్లలో ఆ సంగతి నాకు పుస్తకంలో కూడా అంత తేలిగ్గా దొరకలేదు. తాడు మాత్రం కనపడదని, అది భూమి లాగే లాగుడేనని చెప్పాను. "కనపడని తాడుతో కట్టినోడు ఎవడో గట్టి సేద్యగాడు" అని ముద్ద మింగాడు.

తర్వాత ఆయప్పకు చదువొచ్చా అని అడిగాడు. రాదన్నాను. కింది నుంచి వచ్చిన మాట అక్కడికి చేరేసరికి నీరసించి ఉంటుంది. దాన్ని గట్టిపరిచి, గొంతు మార్చి, మళ్లీ కిందికి చెప్తుంది. పోయి రావడానికి రెప్పపాటు.

"గొంతు ఏమిటికి మార్చాల?"

"అదే గొంతుతో చెప్తే తన అరుపు తన చెవిలోనే పడి, కింది మాట వినపడదు."

పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఊరి పెద్దమనుషులకు ఉండేది ఆ జబ్బే సారూ." కాసేపటికి నవ్వు ఆపి అడిగాడు. "మనం నిజం చెప్తే నిజమే చెప్తాడు. అబద్ధం చెప్తే?"

"అబద్ధమే చెప్తాడు. సొంతంగా ఏమీ కలపడు, ఏమీ తీయడు."

"అట్లయితే ఆయప్పది తప్పు లేదు. కింద ఉండేటోడు పత్రంగా, జాగర్తగా ఉండాల."

ఏడేళ్ల కింద ఆగస్టు. చెనిక్కాయ చేలల్లో, అంటే వేరుశనగలో, ఊడలు నేలలోకి దిగే సమయం. నేల బండలా ఉంది. దిగిన ఊడ నేలను పొడవలేక మాడిపోతోంది. మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుని చేనంతా అరచేతులు మూసుకున్నట్టు ఉండేది. వరసగా ఇన్ని రోజులు చినుకు లేకపోతే ఆ ఊరికి కరువు సాయం అని ఒక నియమం. రోజుల లెక్క మా కంబాలు పంపే అంకెలతోనే. చేను పోయింది, కనీసం జాబితాలో ఊరి పేరైనా ఉంటే పశువులకు గడ్డీ, మనుషులకు గింజలూ వస్తాయని అందరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. నేను పోయిన రోజుకు ఇంకా మూడు రోజులే మిగిలాయి.

గరాటును పరీక్షించడం నా పని. నీళ్లు పోసి, తొట్టి ఎన్నిసార్లు ఒరిగిందో చూడాలి. ముందుగా గరాటు నుంచి పెట్టెకు పోయే వైరు పీకెయ్యాలి. పీకకపోతే పోసిన నీళ్లు వానగా పోతాయి. మా పనిలో మొట్టమొదట నేర్పేది అదే. ఆ రోజు అప్పటికే మూడు ఊళ్లు తిరిగాను. తల పగిలే ఎండ. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి.

"అన్నా, ఒక చెంబు నీళ్లు తేగలవా?" అన్నాను.

వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు నుంచే చెంబు పట్టుకుని కంచెలోకి వచ్చాడు. నేను సన్నధారగా పోస్తున్నాను. తొట్టి టక్కుటక్కుమని ఒరుగుతోంది. ఆయన వేళ్ల మీద లెక్కపెడుతూ, ఈ చప్పుడు నిజంగా విని ఎన్నాళ్లయిందో అంటూ, గరాటు పక్కన చెవి పెట్టి కూర్చున్నాడు. ఉన్నట్టుండి అరచెయ్యి ఎత్తాడు.

"ఉండు సారూ. మాట పోతాండాది."

చేతిలో చెంబుతో నేను నవ్వుతూ నిలబడ్డాను. పోయిన మాట ఏమిటో ఇద్దరికీ తెలియదు. చెంబు అడుగున మిగిలిన నీళ్లతో ఆయన గుడ్డ తడిపి పలక తుడిచాడు.

బత్తలపల్లెలో టీ తాగుతుంటే వైరు గుర్తొచ్చింది. పీకలేదు. గ్లాసు పెట్టేసి ఫోను తీశాను. ఆఫీసుకు చెప్పి, పరీక్ష అని ఒక ఫారం రాసిస్తే ఆ అంకె కొట్టేస్తారు. రెండు రోజులు గడువు. కానీ ఫారంలో కారణం రాయాలి, కింద నా సంతకం ఉండాలి. ఆ నెలలోనే కాంట్రాక్టులు తిరగరాస్తున్నారు. ఎవరిని తీసేద్దామా అని చూస్తున్నారు. రేపు చెప్దామనుకున్నాను. రేపు వచ్చింది. ఎల్లుండి కూడా వచ్చింది. ఆ ఊరి పేరు మీద ఇరవై ఆరు మిల్లీమీటర్ల వాన రికార్డులోకి ఎక్కింది. పక్క ఊళ్లలో చినుకు లేదు కదా అని ఎవరూ అడగలేదు. ఈ సీమలో ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము పొడిగా ఉంటుందని అందరికీ తెలుసు.

జాబితా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లున్నాయి. ఆ ఊరు లేదు.

వారానికి ఆయన అనంతపురం వచ్చాడు. మా ఆఫీసు మెట్ల మీద, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారూ, ఒక్కటి అడగల్ల. ఆ పొద్దు మనం పోసిన నీళ్లు పైకి పోయినాయా?"

ఆయన కళ్లలో అనుమానం లేదు. చెంబు చూసిన ఊరివాళ్లు అడుగుతుంటే, తెలుసుకుని పోయి చెప్పాలి, అంతే. అవునంటే చాలు. వెనక తలుపు తెరిచే ఉంది. లోపల మా పై అధికారి ఫైలు చూస్తున్నాడు.

"లేదన్నా" అన్నాను. "పరీక్ష నీళ్లు పోవు. వైరు పీకేస్తాం కదా."

"మరి వాన యాడిది?"

"నువ్వు తర్వాత తడిగుడ్డతో తుడిచినావే. గరాటు మీద పిండినావేమో."

చాలాసేపు తన కుడి చేతిని చూసుకున్నాడు. చివరికి నాకు వినపడీ వినపడనట్టు అన్నాడు: "పిండినానేమో. తెల్దు సారూ. పిండినానేమో."

గుడ్డ పిండితే వచ్చేది అరచెంచా నీళ్లు. ఇరవై ఆరు మిల్లీమీటర్లు రావు. ఆ లెక్క నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే నా చేత్తో నివేదిక రాశాను. "సంరక్షకుడి అజాగ్రత్త." ఆయన్ను పనిలోంచి తీసేశారు. నా కాంట్రాక్టు తిరగరాశారు.

మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర, అందరూ క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నప్పుడు, ఆయన ముందుకు పోయి "నా చెయ్యే తగిలింది. గుడ్డ పిండినాను" అని చెప్పాడట. ఎవరూ కొట్టలేదు. తిట్టింది కూడా కొద్దిమందే. ఒకాయన మాత్రం, "ఏం వానప్పా, రేపు మా చేన్లో కూడా ఒక గుడ్డ పిండు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పేరు నిలిచిపోయింది. మేకలు అప్పజెప్పేవాళ్లు ఒక్కొక్కరే తోలుకుపోయారు. ఆయన ఎకరన్నర కూడా ఆ ఏడాది ఎండిపోయిందని, ఆ జాబితాలో లేకపోవడం ఆయనకూ నష్టమేనని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారి మరమ్మతుకు పోయేవాణ్ణి. కొత్తగా పెట్టిన మనిషి తాళం ఆయన దగ్గరే వదిలేసి, కంచె వైపు వచ్చేవాడు కాదు. పలక మాత్రం అద్దంలా ఉండేది. ఆయనే. పొడి గుడ్డతో. తలపాగా విప్పి, పొడిగా ఉందో లేదో చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు తుడిచేవాడు. కంచె చుట్టుపక్కలకు నీళ్ల సీసా కూడా తెచ్చుకునేవాడు కాదు. ఆ ఎండలో గొంతు తడుపుకోవాలన్నా దూరం పోయి తాగి వచ్చేవాడు.

"నిన్ను తీసేసినారు కదన్నా. ఇంకా ఏమిటికి?"

"నన్ను తీసినారు, దాన్నేం తీయల్యా కదా. దుమ్ములో పెడితే దాని మాట యాడ ఎక్కుతాది?" అని, ఇంకో మాట అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతోంది. "నా వల్ల నీగ్గూడా మాటొచ్చింటాది సారూ. మనసులో పెట్టుకోవాకు."

నేను పెట్టుకోలేదన్నాను. అవును, అలాగే అన్నాను. పదకొండో నిమిషానికి ఆయన చెయ్యి ఎత్తడం మానేశాడు. ఆ సమయానికి మాట్లాడ్డం ఆపేసి, తల దించుకుని నేల చూసేవాడు. ఆకాశం వైపు కట్టె చూపించడం మళ్లీ చూడలేదు.

మా కంబాలు వానతో పాటు బ్యాటరీ ఎంత నిండిందో కూడా పంపుతాయి. ఆఫీసులో నా తెర మీద ఆ గీత కనిపిస్తుంది. దుమ్ము పట్టిన కొద్దీ గీత కుంగుతుంది. తుడిచిన పొద్దున లేస్తుంది. ఆ ఊరి గీత రెండు మూడు రోజులకోసారి లేచేది. ఆయన చెయ్యి ముప్పై ఆరు వేల కిలోమీటర్లు ఎక్కి దిగి నా బల్ల మీదికి వచ్చేది. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూ నేను ఆ గీతను ఏడేళ్లు చూశాను. మధ్యలో ఆ ఉపగ్రహం కూడా ఇంధనం అయిపోయి పక్కకు పోయింది. దాని పని ఇంకొకటి అందుకుంది. నేను మోయించిన అబద్ధం దానితో పోలేదు. రికార్డులోనే ఉంది.

ఈ వేసవిలో గీత కుంగడం మొదలైంది. వారం. పది రోజులు. గాలి ఎక్కువగా ఉందేమో అనుకున్నాను. ఇరవయ్యో రోజు కంబం మాట ఆగిపోయింది. తెర మీద ఆ ఊరి చోట ఖాళీ. అప్పుడు నాకు అర్థమైంది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. అయినా బస్సెక్కాను.

ఆమె, ఆయన భార్య, వాకిట్లో కట్టెలు కొడుతోంది. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టింది.

"ఆయప్ప పోయి రెండు వారాలాయ సారూ. దగ్గు. ఆఖరికి మాట కూడా ల్యా. చెయ్యి మాత్రం ఇట్ల ఎత్తుతాండె." అరచెయ్యి ఎత్తి చూపించింది. "నీళ్లడుగుతాండాడేమో అని తాపబోతే తల తిప్పుకునె."

నేను నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. వైరు, టీ కొట్టు, ఫారం, మెట్లు, గుడ్డ. ఆమె ఏడవలేదు. అరవలేదు. అడిగింది.

"గుడ్డ పిండల్యా?"

"పిండినా అంత వాన రాదక్కా. నాకు ఆ పొద్దే తెలుసు."

"ఏడేండ్లు చేతిని చూసుకుంటాండె. తినేటప్పుడు చూసుకుంటాండె. ఈ చేత్తోనే కదా అని. ఎడం చేత్తో తింటాండె అప్పా, తెలుసునా నీకు?"

తెలియదు. నేను ఆమె కాళ్ల వైపు వంగాను. ఆమె వెనక్కు జరిగింది.

"నాకు ఏమిటికి చెప్తావు? నేనెప్పుడు ఆయప్పను ఒక మాటన్నా? అన్నోళ్లకు చెప్పు. రేపు పొద్దున పాలకేంద్రం కాడికి రా." లోపలికి పోతూ ఆగింది. "యాడన్నా రాసుకుంటావేమో, రాసుకో. పేరు మాత్రం రాయొద్దు. వానప్ప అని ఏడేండ్లు పిలిచినారు. ఉండే పేరు నాకొక్కదానికే ఉండనీ."

ఆ రాత్రి ఆఫీసుకు ఉత్తరం రాశాను, ఏడేళ్ల కింద రాయాల్సిన కారణంతో, నా సంతకంతో. వాళ్లు ఏం చేస్తారో చెయ్యనీ. ఆ అంకె ఇప్పుడు కొట్టేసినా ఆ ఏటి చేను లేవదు.

పొద్దున పాలకేంద్రం దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ఆమె చేతిలో క్యాను లేదు. గోడకు ఆనుకుని నిలబడింది. పాలు కొలిచే అతను కొలత ఆపాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందున్న నలుగురికే వినపడి ఉంటుంది. అయినా చెప్పాను, ఏదీ మిగల్చకుండా.

వానప్ప అని మొదట పిలిచినాయన, ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు, ముందుకొచ్చాడు.

"ఏడేండ్లు యాడుంటివప్పా?"

"అనంతపురంలోనే."

"అనంతపురంలోనే" అని నా మాటనే తిరిగి అన్నాడు. "రెండు గంటల బస్సు. అమెరికా కాదు గదా." ఆమె వైపు తిరిగి ఏదో అనబోయాడు. తన క్యాను మూత తీసి మళ్లీ పెట్టాడు.

వెనక నుంచి ఎవరో, "ఏమంటాడు? ఎవురు పోసినారంటాడు?" అని అడుగుతున్నారు. ఇంకెవరో, "ఇప్పుడు చెప్తే సచ్చినోడు లేస్తాడా" అన్నారు.

ఆమె గోడ దగ్గర నుంచి నన్ను చూసి అంది.

"వెనకుండేటోళ్లకు వినపల్యా. ఇంగోసారి చెప్పు. గట్టిగా."

నేను గట్టిగా చెప్పాను.

"ఆ పొద్దు ఈ ఊర్లో వాన పడలేదు. చెంబు తెమ్మన్నది నేను. నీళ్లు పోసింది నేను. వైరు పీకంది నేను. తడిగుడ్డ అని ఆయనకు అబద్ధం చెప్పింది కూడా నేనే. ఆయన చేతిలో ఏ తప్పూ లేదు. నన్ను క్షమించమని ఆయన్ను అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను."